మందు - మత్తు

తెలుగులో 'మందు' అనే మాట చిత్రమైనది. రోగాన్ని మాన్పేదీ మందే. మనిషిని మత్తులో ముంచేదీ వాడుకలో మందే. ఒకే పదార్థం ఈ రెండు పనులూ చేయగలదనడానికి నల్లమందు చక్కని నిదర్శనం.

గసగసాల పచ్చికాయకు గాట్లు పెడితే పాలు స్రవిస్తాయి. అవి గడ్డకట్టి నల్లబడితే నల్లమందు అవుతుంది. పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో సెర్ట్యూర్నర్ అనే జర్మన్ యువకుడు దాని నుండి ఒక సారాన్ని వేరుచేసి, గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరు మీద దానికి నామకరణం చేశాడు. అదే మార్ఫిన్. భరించరాని బాధను అణచేదీ, మోతాదు మించితే శ్వాసను మందగింపజేసి ప్రాణం తీసేదీ ఆ సారమే.

ఇక్కడ ఒక భేదాన్ని గ్రహించాలి. కొంతకాలం మార్ఫిన్ వాడిన శరీరం దానికి అలవాటు పడుతుంది. హఠాత్తుగా మానితే చెమటలు, వణుకు, వాంతులు కలుగుతాయి. కనుకనే వైద్యులు మోతాదును క్రమంగా తగ్గిస్తారు. ఇది శరీరధర్మమే కాని వ్యసనం కాదు. హాని జరుగుతున్నదని తెలిసినా మానలేక, చదువునూ సంసారాన్నీ మరచి దానికోసమే వెంపర్లాడటం వ్యసనం. దానికీ చికిత్స ఉంది.

దుర్వినియోగాన్ని అరికట్టడానికి మన దేశంలో 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. కఠిన శిక్షలకూ, పలు అనుమతులకూ వెరచి అనేక ఆసుపత్రులు మార్ఫిన్‌ను నిల్వ చేయడమే మానుకున్నాయి. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండే దేశంలోనే ఎందరో క్యాన్సర్ రోగులు నొప్పితో విలవిలలాడుతూ కన్నుమూశారు. 1993లో కోళిక్కోడ్‌లో ప్రారంభమైన ఉపశమన వైద్యకేంద్రం ఇటువంటి రోగులకు ఆసరాగా నిలిచింది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, అత్యవసర మత్తుమందులకు దేశమంతటా ఒకే విధానాన్ని ఏర్పరచింది. అయినా ఆ ఉపశమనం నేటికీ అందరికీ అందడం లేదు.

అమెరికాలో దీనికి విరుద్ధంగా జరిగింది. వ్యసనభయం స్వల్పమని నమ్మించి, 1990ల నుండి ఇటువంటి మాత్రలను విచ్చలవిడిగా వాడించారు. అలా మొదలైన విపత్తు లక్షల ప్రాణాలను బలిగొన్నది.

ఒకచోట భయం, మరొకచోట నిర్లక్ష్యం మనుషులను బాధించాయి. దోషం మందుది కాదు. అవసరమెరిగి, మోతాదెరిగి, వైద్యుని పర్యవేక్షణలో వాడినప్పుడే అది ఔషధం.

కఠిన పదాలు
నిదర్శనం = ఉదాహరణ; వెరచి = భయపడి; ఉపశమనం = బాధ తగ్గడం

ప్రశ్నలు
1. శరీరం మందుకు అలవాటు పడటానికీ, వ్యసనానికీ గల భేదమేమి?
2. 1985 నాటి చట్టం రోగులపై చూపిన ప్రభావాన్ని వివరించండి.