వ్రాయువాని మనస్సు

పాఠ్యభాగము: యిర్మీయా 36, 45 అధ్యాయములు

మనస్సు ఉల్లాసముగా నున్నప్పుడే మంచి పాట పుట్టునని కొందరు, దుఃఖములోనే పుట్టునని మరికొందరు చెప్పుదురు. బారూకు సంగతి చూడుడి. యిర్మీయా నోటిమాటలను సిరాతో వ్రాసినవాడు ఇతడే. యెహోయాకీము రాజు ఆ గ్రంథపు చుట్టను కోసి కాల్చెనని మన సండేస్కూలు పిల్లలకును తెలియును. 45వ అధ్యాయము మాత్రము కొందరే చదువుదురు. ఆ రాజు ఏలుబడి నాలుగవ యేట, అనగా చుట్ట కాలకమునుపే, తనకు నెమ్మది లేదని బారూకు మూలిగెను. ప్రభువు అతనికి గొప్పతనము నాశింపవద్దని చెప్పెను, ప్రాణము దక్కునని మాట యిచ్చెను. కలము పడవేయుమని చెప్పలేదు. చుట్ట కాలిన తరువాత రెండవసారి వ్రాసినదియు ఆ అలసిన చెయ్యియే.

ఇంగ్లాండు దేశపు కవి విలియం కూపర్ (1731–1800) గారి జీవితములో ఈ సంగతి ఇంకను విపులముగా కనబడును. ఆరవ యేట తల్లి పోయెను. 1763లో మనోవ్యాధి సోకగా, సెయింట్ ఆల్బన్స్ పట్టణములో కాటన్ అను వైద్యుని యొద్ద నుండి స్వస్థుడయ్యెను. తరువాత ఓల్నీ అను ఊరిలో పాదిరి జాన్ న్యూటన్ గారితో కలిసి కీర్తనలు వ్రాయుచుండెను. 1773లో వ్యాధి తిరుగబెట్టెను. దేవుడు తన్ను త్రోసివేసెనని నమ్మి, ఆ మీదట ఆరాధనకే వెళ్లలేదు. దుఃఖమే కవిని చేయుననువారు ఈ సంవత్సరమును గమనింపవలెను. ఆ గాఢాంధకారములో అతని కీర్తనలు ఆగిపోయెను. తక్కినవి న్యూటన్ గారే వ్రాసి, 1779లో 348 కీర్తనల పుస్తకము అచ్చువేయించిరి. అందులో అరువదికి పైగా కూపర్ గారివి.

కలము మరల ఎట్లు కదలెను? ముందు కుందేళ్లు! మూడింటిని సాకెను. వడ్రంగము చేసెను, తోట త్రవ్వెను. తల్లివలె కనిపెట్టుకొని యున్న మేరీ అన్విన్ గారు పద్యములు వ్రాయుమని ప్రోత్సహించిరి. 1783లో ఒక స్నేహితురాలు వేడుకకు సోఫామీద పద్యము చెప్పుమనగా, అది పెరిగి 1785లో ఆరు భాగముల కావ్యమై వెలువడెను. హోమరు కావ్యములను తర్జుమా చేయునప్పుడు దినమునకు నలుబది పంక్తులు నియమముగా పెట్టుకొనెను. ఉత్సాహము వచ్చువరకు కాచుకొని కూర్చుండలేదు. పనియే కొంత ఉత్సాహమును తెచ్చెను.

మన సంఘములో కీర్తన కట్టువాడు నెలల తరబడి మౌనముగా నున్నయెడల, పాట యేదని అడుగకమునుపు అన్నము తిన్నావా, నిద్ర పట్టుచున్నదా అని యడుగుడి. అవసరమైనచో వైద్యుని యొద్దకు తోడు వెళ్లుడి. ఇది జ్వరమువంటి వ్యాధియే గాని అవిశ్వాసము కాదు.

కూపర్ గారిని వ్యాధి కడవరకు విడువలేదు. 1799లో అతడు వ్రాసిన పద్యము ఓడనుండి పడి మునిగిపోయిన నావికుని గూర్చినది. తాను త్రోసివేయబడితినని అతడు తలంచిన ఆ సంవత్సరములలోనే అతని కీర్తనలను ఇతరులు ఆరాధనలలో పాడుచుండిరి.