ఊషరభూమియు ఓషధుల గుణమును – ఒక పరిశీలన

సుశ్రుతసంహిత సూత్రస్థానమున 36వ అధ్యాయము ఓషధులను గ్రహింపదగిన భూమిని నిర్ణయించుచున్నది. ఆ భూమికి చెప్పిన లక్షణములలో 'అనూషర' యనునది యొకటి. 'ఊష' మనగా క్షారమృత్తిక యని అమరకోశ భూమివర్గము వలన తెలియుచున్నది; అది గలది ఊషరము, తెలుగున చవుడు నేల. చవుడున క్షారభూములును చేరును గాని, ఇచట లవణాధిక్యమును మాత్రమే గ్రహించి, ఈ నియమమును నేటి వృక్షశాస్త్రముతో సరిచూతము.

నేలనుండి తీసిన సంతృప్తద్రవపు విద్యుద్వాహకత మీటరునకు 4 డెసిసీమెన్లు మించినచో దానిని లవణభూమి యందురు. అందు మొక్కకు బాధ రెండు దశలలో కలుగును. మొదట, నేలలో తేమ యున్నను ఉప్పు పట్టియుంచుటచే వేరు నీటిని గ్రహింపజాలదు, పెరుగుదల మందగించును. పిదప సోడియము ముదురాకులలో పేరుకొని, పొటాషియము చేయు పనులకు అడ్డుపడును, ఆకులు మాడును.

నీటి కొఱతచే పత్రరంధ్రములు మూసికొనగా కార్బన్ డయాక్సైడు లోనికి చాలినంత రాదు. సూర్యరశ్మి మాత్రము పడుచునే యుండును. వినియోగము కాని యా శక్తివలన ఆక్సిజను సూపరాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు మున్నగు తీక్ష్ణరూపములు దాల్చి కణపు పొరలను చెఱచును. ఇందులకు ప్రతిక్రియ మొక్కలోనే కలదు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అను ఎంజైము మొదటిదానిని రెండవదానిగా మార్చును; కాటలేజ్, పెరాక్సిడేజులు రెండవదానిని హరించును. ఆస్కార్బిక్ ఆమ్లము, ఫినాలిక పదార్థములు తోడ్పడును.

బిళ్ళగన్నేరు ఇందులకు మంచి ఉదాహరణము. దీని ఆకులనుండి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అను కాన్సరు మందులును, వేళ్లనుండి అజ్మలిసిన్‌ను లభించును. ఉప్పునీట పెంచిన ప్రయోగములలో మొక్క బరువు తగ్గినను, పై ఎంజైముల చురుకుదనమును వేళ్లలో అజ్మలిసిన్ పాలును పెరిగినవి.

అట్లయిన సుశ్రుతుని నియమము వీగిపోయినదా? కాదు. పాలు వేఱు, దిగుబడి వేఱు. వేరు బరువు సగమై, మందు పాలు ఒకటిన్నర రెట్లయిన దనుకొందము. మొత్తము మందు ముప్పాతికయే యగును. ఇది సాగుదారునకు నష్టము. వైద్యునకు కలుగు చిక్కు ఇంకను పెద్దది: ఒకే తూకపు చూర్ణమున బలము నేలను బట్టి మాఱినచో మాత్ర తప్పును. మఱియు మొక్క తన రక్షణకై పెంచుకొన్నదెల్ల రోగికి మేలు చేయునని తలపరాదు. ఎంజైములు మాంసకృత్తులు కావున కషాయము మరుగునప్పుడే చెడును.

కావున 'అనూషర' నియమము గుణాధిక్యమునకంటె గుణస్థైర్యమునకు ఎక్కువ ఉపకరించునని చెప్పవచ్చును. చవుడు నేలలలో ఓషధులను పండింపదలచువారు నేల విద్యుద్వాహకతను, ఎండువేరు బరువును, మందు పాలును కలిపి పరీక్షించిన పిదపనే గుణనిర్ణయము చేయుట యుక్తము.