ఆత్రేయపురం వరిచేలు, మీథేన్ లెక్క

ఆత్రేయపురం అనగానే అభ్యర్థులు పూతరేకులు, 2023 నాటి భౌగోళిక గుర్తింపు రాసేసి ముందుకెళ్లిపోతారు. ఊరు ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. పర్యావరణం పేపర్‌కు మాత్రం ఆ రేకుకు పిండినిచ్చే వరిచేను ముఖ్యం.

నిండా నీళ్లున్న మడిలో నేలకు ఆక్సిజన్ అందదు. అక్కడి సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి మీథేన్ విడుదల చేస్తాయి. వందేళ్ల లెక్కలో ఇది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. విరుగుడు, మడిని తడుపుతూ ఆరబెడుతూ సాగు చేయడం. చిల్లుల గొట్టాన్ని మడిలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీరు నిలపాలి. చెప్పినంత తేలిక కాదు. రైతు ఒక్కడే తన మడి ఆరబెట్టుకోలేడు, పై మడి నీరు దిగుతూనే ఉంటుంది. ఆయకట్టంతా ఒక్క మాట మీద ఉండాలి.

ఊరుమ్మడి సాగుకు ఉదాహరణ అడిగితే, రైతు సాధికార సంస్థ నడిపే ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయం రాయండి. ఊళ్లలో ఇది మహిళా సంఘాల ఊతంతోనే సాగుతోంది. యూరియా మానేసి జీవామృతం వాడితే నైట్రస్ ఆక్సైడ్ తగ్గుతుంది. 2024 గుల్బెంకియన్ మానవతా బహుమతిని ఈ కార్యక్రమం, శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్ పంచుకున్నాయి.

మెలిక ప్రశ్న: 2021 గ్లాస్గో సదస్సులో మొదలైన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. 2070 నికర శూన్య లక్ష్యం ప్రకటించింది కూడా అక్కడే.