నూనె రంగు వేసిన తలుపులపై నీటి వార్నీషు

తూంకుంట, శామీర్‌పేట పరిసరములలో క్రొత్త ఇండ్లు కట్టుకొను రైతు సోదరులు తలుపులకు, గడపలకు ముందు నూనె రంగు పట్టించి, దానిపై నీటి వార్నీషు పూయించుట కలదు. నీటి వార్నీషు త్వరగా ఆరును, వాసన తక్కువ. అయితే తొందరపడి పూసినచో కొన్నాళ్ళకే పొరలుగా లేచిపోవును. తరచు కడుగు గడపవద్ద ఈ లోపము ముందుగా బయటపడును.

కారణము: నూనె రంగులలో సాధారణముగా అవిసె నూనె వంటి నూనె ఉండును. ఇది నీటివలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. పైకి ఆరినట్లు కన్పించినను లోపల పచ్చిగా నుండవచ్చును. పచ్చి నూనెపై నీటి వార్నీషుకు పట్టు దొరకదు.

చేయవలసిన విధము:

1. రంగు పూసిన 10, 15 నిమిషములకు, చెక్క పీల్చుకొనగా మిగిలిన దానిని గుడ్డతో పూర్తిగా తుడువవలెను.

2. కనీసము 3 దినములు ఆగవలెను. వానకాలమున, టేకు చెక్కకు, వారము దినములు ఆగుట మేలు. వానలు వెలసిన తరువాతి పొడి దినములు ఈ పనికి అనుకూలము.

3. తెల్లని గుడ్డతో గట్టిగా రుద్ది చూడుడు. రంగు అంటినను, నూనె వాసన వచ్చినను ఇంకను ఆగుడు. పిమ్మట కనబడని మూలలో కొంచెము వార్నీషు పూసి, మరునాడు గోటితో గీరి చూడుడు.

4. వార్నీషును నీడపట్టున, పలుచగా 2 లేక 3 పూతలు వేయవలెను. ప్రతి పూత ఆరిన పిదప సన్నని ఇసుక కాగితముతో మెల్లగా రుద్ది దుమ్ము తుడువవలెను. ఇనుప పీచు వాడరాదు. దాని నలుసులు తుప్పుపట్టి మచ్చలగును.

తొందర యున్నచో, చేతికి అంటనంతగా ఆరిన రంగుపై మైనము తీసిన లక్క పాలిష్ ఒక పూత వేసి, అది ఆరినపిదప నీటి వార్నీషు పూయవచ్చును. ఈ లక్క రెంటికిని పట్టుకొనును. మైనమున్న లక్క ఇందుకు పనికిరాదు.

ముఖ్య హెచ్చరిక: నూనె రంగు తుడిచిన గుడ్డలను ముద్దగా పడవేయరాదు. నూనె గట్టిపడునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి ముద్దలోనుండి బయటకు పోలేక, నిప్పు తగులకయే గుడ్డలు అంటుకొనవచ్చును. గడ్డివాము ప్రక్కనో, పశువుల కొట్టములోనో అవి ఉన్నచో ఎంత ముప్పో మీకు తెలియనిది కాదు. గుడ్డలను విప్పి, ఆరుబయట ఒక్కొక్కటిగా ఆరవేసి, బిరుసెక్కిన పిదప పారవేయుడు. లేదా నీరు నింపిన రేకు డబ్బాలో ముంచి మూతపెట్టుడు.

తలుపు పని నాలుగు దినములు ఆలస్యమైనను నష్టము లేదు. వాము కాలినచో ఏడాది మేత పోవును.