శాసనసభనుండి కొలంబోకు: వరాహగిరి వేంకటగిరి

తపతీతీరమందలి సూరత్‌లో, అడాజన్‌వంటి పేటల నివసించుచు ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు తెలుగు యువకులు వి.వి. గిరిని రాష్ట్రపతిగానే యెఱుగుదురు. ఆయన దౌత్యజీవితము పాఠ్యపుస్తకములందు ఒక్క పంక్తితో ముగియును.

1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించి, ఐర్లండున న్యాయశాస్త్రమభ్యసించి, రైల్వే కార్మికోద్యమమున ఆఱితేరి, 1937 ఎన్నికలలో సాక్షాత్తు బొబ్బిలి రాజానే బొబ్బిలిలో ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మికశాఖ వహించిన ఈ ప్రజానాయకుడు, 1946లో ప్రకాశంగారి ప్రభుత్వమునందును ఆ శాఖనే నిర్వహించి, 1947లో సిలోనునకు భారత హైకమిషనరుగా నియుక్తుడయ్యెను. సులువైన పదవి కాదది. తేయాకు తోటలలో తరతరములుగా చెమటోడ్చిన భారతసంతతి కార్మికులలో అత్యధికులను 1948 నాటి సిలోను పౌరసత్వ చట్టము ఏ దేశమునకును చెందనివారినిగా జేసెను. అట్టి తరుణమున కార్మికనేత యొకడు కొలంబోలో నుండుట ఉచితమే యైనను, పరదేశ శాసనమును మార్చుట రాయబారి చేతిలోని పని కాదు గదా!

1951లో మరలివచ్చి, మఱుసటి యేట పాతపట్నమునుండి లోక్‌సభకెన్నికై, కేంద్ర కార్మికమంత్రియై, బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వము సవరించినందుకు 1954లో రాజీనామా యిచ్చెను. నా దృష్టిలో రాష్ట్రపతి పదవికన్న ఈ రాజీనామాయే ఆయన కీర్తికి మిన్న.

అభ్యర్థులు ఆయన గవర్నరు పదవుల వరుసను తారుమారు చేయరాదు: ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు.