చచ్చిన బ్యాటరీకి చార్జరు చికిత్స

సాగర్ ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ రైతుల ట్రాక్టర్లు కోతల పిమ్మట చాలదినములు కదలక నిలుచుటయు, బ్యాటరీలు చచ్చుటయు కద్దు. మా దానిని జూచి సూర్యాపేటలో నొక అంగడివారు క్రొత్తది కొనుమనిరి. అందు 6 వోల్టులే మిగిలినందున ఆటోమేటిక్ చార్జరు దానిని గుర్తింపనేలేదు. పాత ట్రాన్స్‌ఫార్మరు చార్జరు అట్టి పరీక్షలు చేయదు. కావున మూతలు తీసి, పలకలు మునుగువరకే డిస్టిల్డ్ వాటరు పోసి (ఆసిడు పోయరాదు), దానితో 4 ఆంపియర్లకు మించకుండ ఎక్కించి, వోల్టులు 11 దాటిన పిదప ఆటోమేటిక్ చార్జరుకు మార్చితిమి. నిండిన పిమ్మట ఒక రాత్రి ఊరకుంచి చూడగా 12.6 వోల్టులు నిలిచెను. చార్జి యగునప్పుడు దగ్గర చుట్ట కాల్చరాదు. వెలువడు హైడ్రోజను పేలును. ఎంత ఎక్కించినను 10.5 కడనే నిలిచినచో ఒక గది చెడినదని యెరుంగునది. అట్టిదానిని సీసము ధరకు అమ్ముకొనవలసినదే.