ఇంట్లో బొమ్మలు వేసుకునే అమ్ములుకి



బొమ్మల క్లాసు ఫోన్లోకి వచ్చినప్పటి నుంచి నీకు గీయబుద్ధి కావడం లేదని మీ నాన్న చెప్పాడు. ఈజిల్ లేదు, మోడల్ లేదు, సొంతంగా ఓ గది కూడా లేదని బెంగపడుతున్నావట. బెంగ సహజమే. కానీ ఫోన్లో ఫొటోలు చూసి గీస్తున్నావని విన్నాను, అది మాత్రం మానెయ్యి తల్లీ. ఫొటోలో వెలుగునీడల లెక్క కెమెరా ముందే తేల్చేసి ఉంటుంది. నీ కంటికి పని మిగలదు.

ఇక గది లేదంటావా, ఇటలీలో బొలోన్యా నగరంలో జార్జో మొరాండీ అనే చిత్రకారుడు ఉండేవాడు. ముగ్గురు చెల్లెళ్లతో కలిసి ఉన్న ఇంట్లో పడకగదే ఆయన స్టూడియో. సీసాలు, డబ్బాలు, జాడీలు బల్ల మీద పేర్చుకుని, 1964లో కన్నుమూసేదాకా ఎక్కువగా వాటినే వేశాడు. గాజు మెరుపు అడ్డొస్తుందని కొన్ని సీసాలకు రంగు పూసేవాడు. ఏ వస్తువు ఎక్కడుందో బల్ల మీది కాగితంపై గీత గీసి గుర్తు పెట్టుకునేవాడు.

ఆ గీతల కిటుకు నీకు బాగా పనికొస్తుంది. నువ్వు పేర్చిన చెంబు మధ్యాహ్నానికల్లా వంటింటికి వెళ్లిపోతుంది కదా! చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ఉంచు. ఎవరు తీసినా మళ్లీ అక్కడే పెట్టుకోవచ్చు.

వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి. ఒక కిటికీ తెరిచి మిగతావి మూసెయ్యి, ట్యూబులైటు ఆర్పెయ్యి. ఉత్తరపు కిటికీ అయితే నేరుగా ఎండ పడడం తక్కువ, నీడ త్వరగా జరిగిపోదు. వేరే దిక్కయితే రోజూ అదే వేళకు కూర్చో. వేళ దాటితే ఆపి మర్నాడు అందుకో. మెరిసే ఇత్తడి చెంబు, స్టీలు గ్లాసు తర్వాత చూద్దాం. ముందు మట్టికుండ, వెల్లుల్లిపాయ, మడతపెట్టిన తువ్వాలు వెయ్యి.

చార్‌కోల్ దొరకలేదని ఆగకు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు చింతపుల్లల బొగ్గుతోనే గుడ్డ మీద బొమ్మ గీస్తారు. ఎండిన పుల్లలు రేకుడబ్బాలో బిగించి, మూతకు చిన్న బెజ్జం పెట్టి, పెరట్లో నిప్పుల మీద ఉంచు. పొగ ఆగాక దించి, పూర్తిగా చల్లారాకే మూత తియ్యి. వేడిమీద గాలి తగిలితే బూడిదవుతుంది. మీ నాన్నను పక్కన ఉండమను.

ఫోన్ క్లాసులో మాస్టారికి కనిపించేది నీ బొమ్మ కాదు, దాని ఫొటో. ఫ్లాష్ వద్దు. కాగితాన్ని గోడకు అంటించి, ఫోన్ దానికి సమాంతరంగా పట్టుకుని పగటి వెలుగులో తియ్యి. పూర్తయిన బొమ్మతో పాటు సగంలో ఉన్నప్పటిదీ పంపు. చెయ్యి ఎక్కడ తడబడిందో ఆయన చెప్పగలిగేది దాన్ని చూసే. రెండూ నాకూ పంపు.

మీ పెదనాన్న